పెద్దమ్మ కడిగిన ట్యాంకు

నీళ్లు కాచే హీటర్లు బిగించడం నా పని. ఇళ్లల్లో బకెట్టుకు తగిలించుకునే చిన్న కడ్డీలు కావు. ఆసుపత్రుల్లో ఆపరేషన్ సామాను ఆవిరి పట్టే పాత్రలకు, కల్యాణ మండపాల మిద్దె మీది ట్యాంకులకు, పాలకేంద్రాల బాయిలర్లకు లోపల అమర్చే పెద్ద హీటర్లు. మార్కాపురంలో మా అబ్బా, అంటే మా నాన్న, మోటార్లకు వైండింగ్ చేసేవాడు. ఆయన దుకాణంలోనే కూర్చుని నేను ఈ పనిలోకి దిగాను. మా వైపు బోరునీళ్లలో సున్నం ఎక్కువ. ఎంత మంచి హీటరైనా కొంతకాలానికి తెల్లటి పెచ్చు కడుతుంది. ఆ పెచ్చు అడ్డం పడి వేడి నీళ్లకు అందదు. కడ్డీ లోలోపలే కాలి పగిలిపోతుంది. అందుకే ఇటు గిద్దలూరు దాకా, అటు దొనకొండ దాకా ఎవరో ఒకరు నన్ను పిలుస్తూనే ఉంటారు. సంచిలో రెంచీలు, మీటరు వేసుకుని రైల్లోనో బస్సులోనో పోయివస్తుంటాను.

గిద్దలూరు నుంచి కొమరోలు పోయే రోడ్డు పక్కన ఒక ప్రైవేటు పాలకేంద్రం ఉంది. చుట్టుపక్కల ఊళ్ల పాలు క్యాన్లలో అక్కడికి వస్తాయి. ఖాళీ చేసిన క్యాన్లను వేడినీళ్లతో కడిగి, ఆవిరి పట్టి, మళ్లీ ఊళ్లకు పంపాలి. అందుకోసం వెనకాల రేకుల షెడ్డులో పెద్ద పొయ్యి ఉండేది. దాని మీద ఒక పక్క మనిషి దిగగలిగినంత నీళ్ల ట్యాంకు, ఇంకో పక్క మూతను బోల్టులతో బిగించిన ఆవిరి పాత్ర. ఆ పొయ్యికి కట్టెలు పెట్టే ఆమెను కేంద్రంలో అందరూ పెద్దమ్మ అనే పిలిచేవాళ్లు. నేనూ అలాగే పిలిచాను.

సన్నటి మనిషి. నెరిసిన జుట్టు, పొగకు ఎర్రబడ్డ కళ్లు. పెళ్లయిన కొద్దికాలానికే భర్త పోతే తమ్ముడి ఇంటికి వచ్చేసిందట. పిల్లలు లేరు. తెల్లవారుజామున పాల ఆటో ఎక్కి వచ్చి, చిల్లకంప మొద్దులు పేర్చి పొయ్యి అంటించేది. పాల లెక్క ముగిసేసరికి నీళ్లు సలసలమంటుండాలి. నేను మొదట అక్కడికి పోయింది పాలు చల్లబరిచే యంత్రానికి మోటారు బాగుచేయడానికి. మధ్యాహ్నం నా టిఫిన్ డబ్బా తీసుకుని, అడక్కుండానే ట్యాంకు మూత మీద పెట్టింది.

"సల్లన్నం ఎందుకు తింటావు నాయనా, ఇంత పొయ్యి పెట్టుకోని" అంది.

ఆ షెడ్డు దగ్గర ఎప్పుడూ మనుషులు ఉండేవాళ్లు. ఆటోవాళ్లు చలికాలం అక్కడే మొహాలు కడుక్కునేవాళ్లు. రోడ్డవతల పేటలో ఎవరింట్లోనైనా కాన్పు అయితే బాలింత స్నానానికి, బిడ్డకు నీళ్లు పోయడానికి బకెట్లు పట్టుకుని ఆడవాళ్లు వచ్చేవాళ్లు. క్యాన్ల పని అయిపోయాక మిగిలిన వేడినీళ్లు పెద్దమ్మ వాళ్లకు పోసేది. ఎవరి బిడ్డ ఎన్నో రోజుది, ఎవరికి జ్వరం తగిలింది, అన్నీ అడిగి మరీ పోసేది. మధ్యమధ్య దగ్గేది. పొడి దగ్గు, లోపల ఏదో గీరుతున్నట్టు ఉండేది. దగ్గు ఆగేవరకు చేత్తో గోడ పట్టుకుని నిలబడి, మళ్లీ చెంబు ముంచేది.

యజమాని నాకంటే కాస్త పెద్దవాడు. ఒకరోజు నన్ను ఆఫీసు గదిలోకి పిలిచాడు.

"కట్టెలు దొరకడం లే భాయ్. దొరికినా పచ్చివి తెస్తాండారు. పొగ తప్ప మంట లే. కరెంటు హీటర్ పెడితే ఎట్లుంటది?"

నేను కాగితం మీద బొమ్మ గీసి చూపించాను. ట్యాంకుకు ఒకటి, ఆవిరి పాత్రకు ఒకటి. వేడి చాలినంత రాగానే దానంతట అదే ఆగిపోతుంది. ఆవిరి ఒత్తిడి గీత దాటకముందే కరెంటు కట్ అవుతుంది. మనిషి కాపలా అక్కర్లేదు. ఆయనకు నచ్చింది. కానీ గడ్డం గోక్కుంటూ కిటికీలోంచి షెడ్డు వైపు చూశాడు.

"అంతా బాగానే ఉండాది గానీ, పెద్దమ్మను ఏంజేద్దాం? మా నాయన కాలంలో చేరిన మనిషి. ఇప్పుడు పొమ్మంటే బాగుండదు. పోనీలే, ఇంకో ఏడాది చూద్దాం."

అప్పటిదాకా అంత పెద్ద పని నాకు రాలేదు. అది జారిపోతుందని నాకు దడ పుట్టింది. సరిగ్గా అప్పుడే షెడ్డులోంచి పెద్దమ్మ దగ్గు వినపడింది.

"అన్నా, ఆ దగ్గు విన్నావా?" అన్నాను. "ఈ పొగలో ఆమెను ఇంకా ఎన్నాళ్లు కూచోబెడతావు? రేప్పొద్దున ఏమన్నా అయితే ఆ పాపం ఎవరికి? హీటర్ పెడితే ముందు బాగుపడేది ఆమె ఊపిరే."

ఆయన తలెత్తి నా వైపు చూశాడు. "నిజమే భాయ్. ఆ మాట నాకు తట్టలే" అన్నాడు. ఆమెను క్యాన్లు కడిగే పనిలో పెడతానన్నాడు. ఆమెకు తానే చెబుతానన్నాడు. ఆ పూటే పని నాకు ఖాయమైంది.

నేను చెప్పిందాంట్లో అబద్ధం లేదు. కానీ ఆ మాట అన్న క్షణంలో నా మనసులో ఆమె లేదు. మనసంతా ఆ పనే ఉంది. ఆమె దగ్గు నా చేతికి అందింది, వాడుకున్నాను. బస్సులో ఇంటికి వస్తుంటే సంతోషంగానే ఉంది. కాసేపటికి, ఎందుకో తెలియకుండానే, కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

హీటర్ పెట్టే ముందు ట్యాంకులో ఏళ్లుగా పేరుకున్న సున్నం గీకాలి. పైనున్న రంధ్రంలోంచి దిగాలి. నేను నడుము దాకా దూరి అక్కడే ఇరుక్కుపోయాను. పెద్దమ్మ చూసి పకపకా నవ్వింది.

"నువ్వు బయటికి రా నాయనా. నీ పొట్టకు అది చాలదు. నేను దిగుతా."

వద్దన్నాను. వినలేదు. చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని, ఉలి, సుత్తి, చీపురు తీసుకుని లోపలికి దిగింది. నేను పైనుంచి లైటు పట్టుకున్నాను. లోపల ఠంగు ఠంగుమని కొడుతూ, రాలిన పెచ్చులు గంపలకెత్తి నాకు అందించేది. ఆమె మాట ట్యాంకులో గింగుర్లు తిరుగుతూ పైకి వచ్చేది.

"ఈ కరెంటు కడ్డీలు వస్తే నాకు కట్టెల మోత తప్పుతాదా నాయనా?"

"తప్పుతాది పెద్దమ్మా."

"ఇంక స్విచ్చి ఏసేది నేర్చుకుంటే సాలు నేను. నేర్పిస్తావు గదా?"

యజమాని ఆమెకు ఇంకా ఏమీ చెప్పలేదని నాకు అప్పుడు అర్థమైంది. చెప్పడం నా పని కాదనుకున్నాను. "ఊఁ" అని మాత్రం అన్నాను. గంప అందుకోవడానికి వంగినప్పుడు ఆమె మొహం కనిపించింది. జుట్టు, కనుబొమ్మలు సున్నంతో తెల్లగా అయిపోయాయి. దగ్గుతూనే నవ్వుతోంది. తన పని తీసేసే హీటర్ కోసం చోటు శుభ్రం చేస్తోంది ఆమె, నేను లైటు పట్టుకుని చూస్తున్నాను.

హీటర్లు బిగించిన రోజు ఆమె ఇంటి నుంచి పసుపు, కుంకుమ, టెంకాయ తెచ్చింది. కంట్రోల్ పెట్టెకు బొట్టు పెట్టి, టెంకాయ నా చేతికి ఇచ్చింది.

"నేను సాయిబును గదా పెద్దమ్మా" అన్నాను.

"బిగించింది నువ్వు గదా. కొట్టు."

కొట్టాను. హీటర్ ఆన్ చేశాను. చప్పుడు లేదు, మంట లేదు. ఆమె పెట్టె పక్కన చేతులు కట్టుకుని నిలబడింది. కాసేపటికి నీళ్లు కాగాయి, పెట్టె మీద వెలుగుతున్న పచ్చ లైటు ఆరిపోయింది.

"ఇప్పుడు నేనేం జేయాల?" అని అడిగింది.

"ఏమీ చేయబల్లేదు పెద్దమ్మా. అదే చూసుకుంటది."

ఆమె పెట్టె వైపు, చల్లారిన పొయ్యి వైపు, నా వైపు చూసింది. నేను సంచి సర్దుకుని, ఆ పూట రైలు ఉందని చెప్పి, దాని వేళకు చాలా ముందే బయలుదేరాను.

మళ్లీ సర్వీసుకు పోయినప్పుడు షెడ్డులో ఎవరూ లేరు. క్యాన్లు కడిగే ఒకామె చెప్పింది. "మాతో పాటు కడగను పెట్టినారు. పొద్దస్తమానం తడిలో నిలబడలేకపోయింది. మోకాళ్లు వాచినాయి. తనే మానుకోని పోయింది" అంది. గేటు దగ్గర ఒక అవ్వ బకెట్టుతో నిలబడి ఉంది. కాపలా మనిషి లోపలికి పోనీయడం లేదు. కరెంటుతో కాగిన నీళ్లు ఊరికే పోయొద్దని యజమాని చెప్పాడట. ఆ సంగతి నేను ఆలోచించనే లేదు. అవ్వ నన్ను దాటుకుని ఖాళీ బకెట్టుతో రోడ్డవతలికి పోయింది.

పెద్దమ్మ ఊరు అక్కడికి దగ్గరే. కానీ నేను పోలేదు. ఒకసారి బస్సు లేదనుకున్నాను. ఒకసారి పొద్దుపోయిందనుకున్నాను. కొమరోలులో పని పడినప్పుడు కూడా ఆ ఊరి స్టేజీలో బస్సు ఆగితే తల దించుకుని ఫోన్ చూసుకున్నాను.

మా ఇంట్లో మాట్లాడేది ఉర్దూ. నా భార్యకు కోపం వస్తే మాత్రం తెలుగులోకి దిగుతుంది. "అన్నం కాడ ఆమె మాటే, పడుకునే కాడ ఆమె మాటే. పోయి చూసి రాకూడదా?" అంది. "పోయి ఏం చెప్పాల?" అన్నాను. "అది పోయినాక చూసుకో" అంది.

అయినా నేను నా అంతట పోలేదు. హీటర్ కాలిపోతే పోయాను. యజమాని ఫోన్ చేశాడు. నీళ్లు కాగడం లేదు, క్యాన్లు పులుపు వాసన వస్తున్నాయి, ఊళ్ల నుంచి తిట్లు పడుతున్నాయి. పోయి విప్పి చూస్తే కడ్డీలు సున్నపు దిమ్మల్లా ఉన్నాయి. రెండు నిలువునా పగిలాయి. అంతకు ముందు కొన్నాళ్లుగా, ఆ హీటర్ పాడైపోతే బాగుండునని నాకే తెలియకుండా అనుకుంటున్నానని, ఆ పగుళ్లు చూసినప్పుడు తెలిసింది. లోపల ఎక్కడో ఊరట కలిగింది.

కొత్త కడ్డీలు హైదరాబాదు నుంచి రావాలి. అందాకా హీటర్ తీసిన చోట ఇనుప పలకలు బిగించి, పాత పొయ్యి మళ్లీ అంటించాలి. కట్టెలు షెడ్డు వెనకాల అలాగే పడి ఉన్నాయి. "పెద్దమ్మను నువ్వే పిలుచుకోని రా భాయ్. నేను పిలిస్తే రాదు. నువ్వంటే ఆమెకు అభిమానం" అన్నాడు యజమాని.

ఆయన మోటారు సైకిలు మీద పోయాను. ఇంటి ముందు కళ్లంలో ఆమె కందికట్టె కొడుతోంది. నన్ను చూసి కర్ర పక్కన పెట్టి, "నాయనా, ఇప్పుడా వచ్చేది!" అని లేచింది. మజ్జిగ తెచ్చి ఇచ్చింది. తాగుతూ నేను ఆమె దగ్గు కోసం చెవి పెట్టుకుని కూర్చున్నాను. రాలేదు.

"దగ్గు తగ్గిపోయింది నాయనా" అంది, నేను అడగకుండానే. "పొగ లేదు గదా. రాత్రిళ్లు నిద్ర పడతాండాది. మా యజమాని చెప్పినాడులే. పెద్దమ్మ దగ్గు చూడలేక ఆ సాయిబే హీటర్ పెట్టించినాడు అని. మొదట నాకు నీ మీద కోపమొచ్చింది. ఈ మాట విన్నాక పోయింది. నా పుట్టువులో నా కోసమని ఒకరు ఒక పని చేసింది లే. నువ్వు చేసినావు."

మజ్జిగ గ్లాసు చేతిలో ఉంది. అప్పుడే చెప్పి ఉండాల్సిందో, ఎప్పటికీ చెప్పకుండా ఉండాల్సిందో ఇప్పటికీ తేల్చుకోలేను. నేను చెప్పింది హీటర్ కాలిపోయిందని, కొన్నాళ్లు వచ్చి పొయ్యి చూడాలని.

"అయ్యో, దానికేం. పద" అంది. "పేటలో బాలింతలకు నీళ్లు ఎవురు పోస్తాండారు?"

నేను మోటారు సైకిలు స్టార్ట్ చేశాను. అది పెద్దగా చప్పుడు చేసింది.

ఆ కొన్నాళ్లూ షెడ్డు మళ్లీ మునుపట్లా అయింది. పొగ లేవడం చూసి పేటలోంచి బకెట్లు వచ్చాయి. ఆటోవాళ్లు వచ్చారు. పెద్దమ్మ అందరినీ పలకరిస్తూ, కసురుతూ, నీళ్లు పోస్తూ తిరిగింది. నేను రోజూ మార్కాపురం నుంచి వచ్చి, పొయ్యి చల్లారాక ఆవిరి పాత్ర లోపలి పెచ్చు గీకుతున్నాను. మధ్యాహ్నం ఆమె నా డబ్బా వేడి చేసేది. ఈలోగా ఆమె దగ్గు మళ్లీ మొదలైంది. మొదట ఒకటీ అరా వచ్చింది. తర్వాత గోడ పట్టుకుని నిలబడేంత వచ్చింది. "కట్టెలు పచ్చివి నాయనా, అంతే" అనేది. తగ్గిన దగ్గును నేనే పోయి పిలుచుకొచ్చినట్టయింది.

కడ్డీలు వచ్చిన రోజు ఆమె వాటిని ఒక్కొక్కటే పాత గుడ్డతో తుడిచి నాకు అందిస్తోంది. "ఇంక నా దగ్గుకు మందు వచ్చేసింది" అని నవ్వింది. నేను తట్టుకోలేకపోయాను.

"పెద్దమ్మా, నీ దగ్గు కోసం కాదు నేను పెట్టింది" అన్నాను.

"ఏంది?"

"యజమాని వద్దనుకున్నాడు. నీకు పని పోతాదని. నాకు పని కావాల. అందుకని నీ దగ్గు మాట ఎత్తినా. అంతే. నీ గురించి నేను ఆలోచించలే."

ఆమె చేతిలో కడ్డీ ఉంది. దాన్ని జాగ్రత్తగా గోనెపట్టా మీద పెట్టింది. చేతులు కొంగుకు తుడుచుకుంది. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"నేను అడిగినానా నిన్ను?" అంది చివరికి. గొంతు చాలా మెల్లగా ఉంది. "నువ్వు ఎందుకు పెట్టినావో నేను అడిగినానా? నా కోసం ఒకరు ఆలోచించినారని అనుకుంటా ఉన్న్యా. అట్లనే ఉండనిచ్చింటే నీ సొమ్మేం పోయేది?"

ఆమె పొయ్యిలో కట్టెలు బయటికి లాగి, నీళ్లు చల్లి ఆర్పింది. బూడిద ఒక పక్కకు ఎత్తింది. చెంబు బోర్లించింది. యజమానికి కూడా చెప్పకుండా గేటు దాటి, అటుగా పోతున్న ఆటో ఎక్కింది. నేను హీటర్ బిగించే పనిలో పడ్డాను. బోల్టులు బిగించడం ఎప్పుడు పూర్తయిందో నాకు గుర్తు లేదు.

ఇంటికొచ్చి నా భార్యకు అంతా చెప్పాను. చెప్పి తప్పు ఒప్పుకున్నానని ఆమె మెచ్చుకుంటుందని నాలో ఏ మూలో ఆశ ఉన్నట్టుంది. ఆమె రొట్టె తిప్పుతూ వింది.

"పోయి చూసి రమ్మంటే పోలేదు. చెప్పగూడని కాడ చెప్పినావు" అంది. "నీ బరువు దించుకోని ఆమె నెత్తిన పెట్టి వచ్చినావు."

అంతకంటే సరిగ్గా ఎవరూ చెప్పలేరు.

తర్వాత నేను చేయగలిగింది ఒకటి చేశాను. ఆవిరి పాత్రలో అడుగున పేరుకున్న మురికినీళ్లు రోజూ కొంత వదిలేస్తే సున్నం తొందరగా పట్టదు. మామూలుగా అవి కాలవలోకి పోతాయి. ట్యాంకులోనూ అంతే, పని అయ్యాక కొంత వదలడం మంచిది. గోడవతల ఒక సిమెంటు తొట్టి కట్టించి, ట్యాంకులోంచి వదిలే ఆ వేడినీళ్లు అందులోకి పోయేట్టు పైపు వేస్తానన్నాను. హీటర్ ఎక్కువ కాలం వస్తుందని యజమాని ఒప్పుకున్నాడు. ఇప్పుడు పేటవాళ్లు బకెట్లు తెచ్చుకుని ఎవరికి వాళ్లు ముంచుకుపోతున్నారు. ఎవరి బిడ్డకు జ్వరమో అడిగే మనిషి మాత్రం అక్కడ లేదు. తొట్టి చూసినప్పుడు నాకు గర్వం ఏమీ కలగలేదు. పనివాణ్ణి కాబట్టి పైపు కారుతోందేమో చూసి వస్తాను.

చాలా నెలలు పోయాక పెద్దమ్మ ఊరికి పోయాను. ఈసారి ఎవరూ పంపలేదు. ఆమె గుమ్మంలో కూర్చుని గొర్రెపిల్లకు పాలు పట్టిస్తోంది. నన్ను చూసి లేవలేదు. క్షమించమనే మాట నోటి దాకా వచ్చింది. అది కూడా నా కోసమే అడుగుతానని తెలిసి మింగేశాను.

"సాయిబూ" అంది. ఇంతకు ముందెప్పుడూ నన్ను అలా పిలవలేదు. "మా తమ్ముడి బోరు మోటారు కాలిపోయింది. కంది ఎండిపోతాండాది. చేతనవుతాదా నీకు?"

చేతనవుతుందన్నాను. మోటారు పైకి తీయించి, మార్కాపురం తీసుకుపోయి వైండింగ్ చేసి, మళ్లీ తెచ్చి దింపాను. నీళ్లు పడ్డాక ఆమె సద్దరొట్టె, పప్పు పెట్టింది. నేను తింటున్నంతసేపూ దూరంగా గొర్రెపిల్లతోనే ఉంది. దగ్గడం లేదు. పోయేటప్పుడు, "నీళ్లు బాగా పడతాండాయి" అని మాత్రం అంది.

అటు పని పడినప్పుడల్లా ఇప్పుడు ఆ ఊరి స్టేజీలో దిగుతున్నాను. కొన్నిసార్లు మజ్జిగ ఇస్తుంది. కొన్నిసార్లు చేనికి పోయి ఉంటుంది, ఇంట్లోవాళ్లు రమ్మంటారు. నేను అరుగు మీద కాసేపు కూర్చుని, తర్వాతి బస్సుకు వచ్చేస్తాను.